ఆవపల్లి నుంచి జగదల్‌పూర్ దాకా: బస్తర్‌లో వేసవి సెలవులు ఎవరికి? చెరువు పక్క ఊరికి వెళ్లేదెవరు?

వేసవి సెలవులనగానే హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం కుటుంబాలకు నైనీతాల్, శ్రీనగర్, ఊటీ గుర్తొస్తాయి. చల్లటి గాలి, ఓ పెద్ద చెరువు, అందులో పడవలు, ఒడ్డున మొక్కజొన్న పొత్తులు. సెలవుల విహారమంటే చాలామంది ఊహించుకునేది ఇదే.

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఆవపల్లి వాసులకు కూడా ఉత్తరాన ఇలాంటి ఊరొకటి ఉంది. అది జగదల్‌పూర్. బస్తర్ సంస్థానానికి రాజధానిగా ఉన్న ఆ పట్టణం నడిబొడ్డున దళపత్ సాగర్ అనే పెద్ద చెరువు ఉంది. ఆవపల్లి నుంచి అక్కడికి దూరం దాదాపు 200 కిలోమీటర్లు.

ఈ దూరం మైదాన ప్రాంతాల వాళ్లకు ఒక పూట ప్రయాణం. దక్షిణ బస్తర్‌లో మాత్రం పిల్లల్ని తీసుకుని సరదాగా ఇంత దూరం వెళ్లి రావడమన్నది చాలా ఏళ్లపాటు ఊహకు కూడా అందని విషయం. ఇప్పుడు ఆ పరిస్థితి మారుతోంది. అయితే అందరికీ ఒకేలా మారడం లేదు. ఆవపల్లి ప్రాంతంలో వేసవి సెలవులు ఎలా ఉంటాయి? జగదల్‌పూర్‌లో ఏముంది? దానికీ ఓరుగల్లుకూ సంబంధమేంటి? మే నెలలో ఊరు విడిచి వెళ్లగలిగేది ఎవరు, వెళ్లలేనిది ఎవరు?

ఆవపల్లి ఎక్కడుంది?

బీజాపూర్ పట్టణం నుంచి బాసగూడ వెళ్లే దారిలో ఆవపల్లి వస్తుంది. ఉసూర్ బ్లాక్‌కు ఇది ప్రధాన కేంద్రం. ప్రభుత్వ కార్యాలయాలు, బడులు, దుకాణాలు, సంత ఉండటంతో చుట్టుపక్కల గూడేల వారికి ఇదే పెద్ద ఊరు.

పేరును బట్టే ఇది తెలుగు నేలకు ఎంత దగ్గరో తెలుస్తుంది. ఈ ప్రాంతంలో 'పల్లి', 'గూడ'లతో ముగిసే ఊళ్లు చాలా ఉన్నాయి. ఇక్కడి ఆదివాసీలు ఎక్కువగా గోండి, దోర్లీ మాట్లాడతారు. దోర్లీలో తెలుగు మాటలు కలగలిసి ఉంటాయి. సంతలో తెలుగు చెల్లుతుంది. బడిలో, ఆఫీసులో మాత్రం హిందీ.

నీళ్లు కూడా తెలుగు నేల వైపే పారతాయి. బాసగూడ దగ్గర పారే తాళిపేరు నది దక్షిణంగా వెళ్లి, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చర్ల మండలంలోని తాళిపేరు ప్రాజెక్టుకు చేరుతుంది. అక్కడి నుంచి గోదావరిలో కలుస్తుంది.

నీళ్లకు ఉన్న దారి మనుషులకు చాలా ఏళ్లు లేదు. ఆవపల్లికీ చర్లకూ మధ్య అడవులు, కర్రెగుట్టల వరుస అడ్డుగా ఉన్నాయి. కాలినడకన సరిహద్దు దాటేవాళ్లు ఎప్పుడూ ఉన్నా, కుటుంబంతో బస్సులోనో కారులోనో వెళ్లాలంటే చాలా ఏళ్లపాటు ముందు ఉత్తరాన ఉన్న బీజాపూర్‌కు వెళ్లాల్సి వచ్చేది. అక్కడి నుంచి రెండు దారులున్నాయి. పడమటికి భోపాలపట్నం మీదుగా వెళ్తే తెలంగాణ వస్తుంది. తూర్పుగా గీదం మీదుగా వెళ్తే జగదల్‌పూర్ వస్తుంది.

జిల్లా పుట్టుక కూడా చాలామందిని జగదల్‌పూర్ వైపే తిప్పింది. ఒకప్పటి బస్తర్ జిల్లా విస్తీర్ణం 39 వేల చదరపు కిలోమీటర్లకు పైమాటే. అంటే కేరళ కన్నా పెద్దది. దాని కేంద్రం జగదల్‌పూర్. 1998లో దాన్నుంచి దంతెవాడ, కాంకేర్ జిల్లాలు వేరయ్యాయి. 2007లో దంతెవాడ నుంచి బీజాపూర్ విడిపోయింది. కాగితాలపై జిల్లాలు మారినా పెద్ద ఆస్పత్రి, పెద్ద కాలేజీ, పెద్ద బజారు కోసం జనం జగదల్‌పూర్‌కే వెళ్తున్నారు.

దారి పొడవునా ఏముంది?

బీజాపూర్ నుంచి జగదల్‌పూర్ వరకు 63వ నంబర్ జాతీయ రహదారి. నిజామాబాద్, మంచిర్యాల మీదుగా వచ్చి, గోదావరి, ఇంద్రావతులను దాటి భోపాలపట్నం చేరే రోడ్డు ఇదే. నెలసనార్, భైరంగఢ్ దాటాక గీదం వస్తుంది. అక్కడి నుంచి బాస్తానార్ ఘాట్ ఎక్కితే బస్తర్ పీఠభూమి.

ఈ ఎక్కుడులోనే వేసవి విహారానికి ఒక కారణం దొరుకుతుంది. జగదల్‌పూర్ సముద్రమట్టానికి దాదాపు 550 మీటర్ల ఎత్తున ఉంది. ఆవపల్లి ఉన్నది గోదావరి వైపు వాలిన పల్లపు నేల. పగటి ఎండ రెండు చోట్లా మండినా, పీఠభూమి మీద రాత్రిళ్లు కాస్త త్వరగా చల్లబడతాయి. నైనీతాల్ చలి కాదు కానీ, తేడా తెలుస్తుంది.

భాష కూడా దారిలోనే మారుతుంది. బీజాపూర్ దాటేకొద్దీ తెలుగు తగ్గుతుంది. గీదం, జగదల్‌పూర్ చేరేసరికి హల్బీ వినిపిస్తుంది. బస్తర్ సంస్థాన కాలం నుంచి వేర్వేరు తెగల మధ్య ఉమ్మడి భాషగా నిలిచినది హల్బీయే.

గీదం దగ్గర దారి కాస్త మళ్లిస్తే రెండు చూడదగ్గ చోట్లున్నాయి. ఒకటి దంతెవాడ. శంఖినీ, డంకినీ నదుల కూడలిలో దంతేశ్వరి ఆలయం ఉంది. రెండోది బార్సూర్. మామా-భాంజా ఆలయం, బత్తీసా ఆలయం, పెద్ద గణపతి విగ్రహాలు ఉన్న ఈ ఊళ్లో ఒకప్పుడు 147 గుళ్లు, 147 చెరువులు ఉండేవని స్థానికంగా చెప్పుకుంటారు.

రైలు కూడా ఉంది, కానీ ఆవపల్లి దాకా కాదు. బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం ఓడరేవుకు చేర్చేందుకు 1960లలో వేసిన కొత్తవలస-కిరందుల్ లైన్ దంతెవాడ, జగదల్‌పూర్ మీదుగా పోతుంది. విశాఖ వాసులకు అరకు లోయ చూపించే రైలు మార్గం ఇదే. మావోయిస్టులు బంద్‌కు పిలుపునిచ్చిన రోజుల్లో ప్రయాణికుల రైలును కిరందుల్ దాకా పంపకుండా దంతెవాడలోనే ఆపేయడం ఇక్కడ చాలా ఏళ్లు మామూలు విషయం.

దళపత్ సాగర్‌కు ఓరుగల్లుతో సంబంధమేంటి?

జగదల్‌పూర్‌కు చెరువు అందం మాత్రమే కాదు. ఊరు పుట్టిందే చెరువుతో పాటు.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సుల్తానుల వశమైంది. ఆ తర్వాత ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి అడవుల్లోకి వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశం చెప్పుకుంది. 1703 నాటి దంతెవాడ శాసనంలో రాజా దిక్పాలదేవుడు తన వంశాన్ని కాకతి ప్రతాపరుద్రుడి తమ్ముడితోనే మొదలుపెట్టాడు. శాసనానికీ ఓరుగల్లు పతనానికీ మధ్య దాదాపు 380 ఏళ్ల ఎడం ఉంది కాబట్టి, దాన్ని వంశం తన గురించి తాను చెప్పుకున్న మాటగా చదవాలి. అయినా బస్తర్‌లో ఆ జ్ఞాపకం బలంగా ఉంది. దంతేశ్వరి అమ్మవారు ఓరుగల్లు నుంచి రాజు వెంట నడిచి వచ్చిందని, కాలి అందెల చప్పుడు ఆగిపోవడంతో రాజు వెనక్కి తిరిగి చూశాడని, అమ్మవారు అక్కడే నిలిచిపోయిందని కథ.

2022 జులైలో తెలంగాణ ప్రభుత్వం వరంగల్‌లో కాకతీయ వైభవ సప్తాహం జరిపినప్పుడు, ఈ వంశానికి చెందిన కమల్ చంద్ర భంజ్‌దేవ్‌ను ముఖ్య అతిథిగా పిలవడానికి కారణం ఇదే.

18వ శతాబ్దంలో పాలించిన దళపత్‌దేవ్ రాజధానిని జగదల్‌పూర్‌కు మార్చాడు. చెరువు తవ్వించింది ఆయనే. అందుకే అది దళపత్ సాగర్ అయింది. ఈ చెరువు 400 ఏళ్ల నాటిదని తరచూ చెబుతుంటారు. దళపత్‌దేవ్ పాలనాకాలాన్ని చూస్తే మాత్రం దాని వయసు 250 నుంచి 300 ఏళ్ల మధ్య ఉంటుంది.

వయసు ఎంతైనా, పద్ధతి తెలంగాణ పాఠకులకు తెలిసినదే. పల్లపు నేల చూసి కట్ట వేయడం, చుట్టుపక్కల వాననీటిని అందులోకి మళ్లించడం, తాగడానికీ సాగుకూ వాడటం. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కట్టిన వంశం పేరు చెప్పుకునే రాజు కొత్త రాజధానికి ముందుగా చెరువు తవ్వించడంలో ఆశ్చర్యం లేదు. జగదల్‌పూర్‌లోని గంగాముండా చెరువు కూడా ఈ పాత ఏర్పాటును గుర్తుచేస్తుంది.

దళపత్ సాగర్ విస్తీర్ణం సుమారు 350 ఎకరాలని చెబుతారు. ఛత్తీస్‌గఢ్‌లో మనుషులు తవ్విన అతి పెద్ద చెరువుల్లో ఇదొకటి. మధ్యలో చిన్న దీవి, దానిపై శివాలయం ఉన్నాయి. పడవలో అక్కడికి వెళ్లాలి. సాయంత్రం కట్ట మీద నడక, పిల్లలకు పడవ షికారు, చాట్ బళ్లు. దక్షిణ బస్తర్ నుంచి వచ్చే కుటుంబానికి జగదల్‌పూర్ ఇచ్చే మొదటి సంతోషం ఇదే.

చెరువుకు ఏమైంది?

వేసవిలో వచ్చిన వారికి చెరువులో నీళ్ల కన్నా ముందు పచ్చదనం కనిపించే రోజులున్నాయి. అది గుర్రపుడెక్క.

నీళ్లపై తేలే ఈ మొక్క అనుకూల పరిస్థితుల్లో రెండు వారాల్లోనే రెట్టింపు కాగలదు. దానికి కావాల్సింది ఎండ, నిలవ నీరు, నత్రజని, భాస్వరం. మొదటి రెండూ చెరువులో ఎలాగూ ఉంటాయి. మిగతా రెండింటినీ ఊరి మురుగు మోసుకొస్తుంది. ఇళ్ల నుంచి వచ్చే డ్రైనేజీ నీరు శుద్ధి కాకుండా చెరువులోకి వచ్చినన్నాళ్లూ, ఎంత తీసినా గుర్రపుడెక్క మళ్లీ పెరుగుతుంది.

వేసవిలో సమస్య ముదురుతుంది. నీరు ఆవిరై చెరువు కుంచించుకుపోతుంది. లోపలికి వచ్చే మురుగు మాత్రం తగ్గదు. ఉన్న కొద్ది నీటిలో మురుగు పాలు పెరుగుతుంది. మొక్క పైన కప్పేయడంతో నీటిలోకి వెలుతురు దిగదు, ఆక్సిజన్ తగ్గుతుంది, చేపలు చస్తాయి. పొరుగూళ్ల నుంచి పర్యాటకులు ఎక్కువగా వచ్చే నెలల్లోనే చెరువు అన్నిటికన్నా బలహీనంగా ఉంటుందన్నమాట.

జగదల్‌పూర్ వాసులు చాలాసార్లు స్వచ్ఛందంగా చెరువులోకి దిగి గుర్రపుడెక్క తీశారు. నగరపాలక సంస్థ యంత్రాలను కూడా దించింది. చెరువు ఒడ్డును తీర్చిదిద్దారు, నడక దారి వేశారు. కానీ ఒడ్డును అందంగా చేయడం వేరు, చెరువును బతికించడం వేరు. నీళ్లు వచ్చే వాగులు మూసుకుపోయి, మురుగు వచ్చే కాలువలు తెరిచి ఉంటే ఎన్ని దీపాలు పెట్టినా ఫలితం కొన్నాళ్లే. హుస్సేన్‌సాగర్ కథ తెలిసిన వారికి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇది చిన్న ఊళ్లకే పరిమితమైన సమస్య కూడా కాదు. నైనీతాల్‌లో చెరువే పట్టణానికి తాగునీటి ఆధారం. అక్కడ కూడా పర్యాటకుల రద్దీ, నీటిమట్టం పడిపోవడం ఒకే నెలల్లో వస్తాయి. విశేషమేంటంటే, నైనీతాల్‌కు పొరుగున ఉన్న ఉధమ్ సింగ్ నగర్ జిల్లాలోని సితార్‌గంజ్‌లో మొదలయ్యే 30వ నంబర్ జాతీయ రహదారే రాయ్‌పూర్, జగదల్‌పూర్, కొంట, భద్రాచలం మీదుగా విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం చేరుతుంది.

వేసవిలో చిత్రకోట్ చూడొచ్చా?

జగదల్‌పూర్ వచ్చిన కుటుంబాలు తప్పకుండా వెళ్లేది చిత్రకోట్ జలపాతానికి. పట్టణానికి పడమరగా 38 కిలోమీటర్ల దూరంలో ఇంద్రావతి నది దాదాపు 90 అడుగుల ఎత్తు నుంచి గుర్రపు నాడా ఆకారంలో దూకుతుంది. వానాకాలంలో వెడల్పు 300 మీటర్ల దాకా ఉంటుంది. ఫొటోల్లో కనిపించేది ఆ రూపమే.

మే నెలలో వెళ్లిన వారికి అది కనిపించదు. బండరాళ్ల మధ్య ఒకటి రెండు ధారలే ఉంటాయి. ఎండలు ముదిరిన ఏడాది ఆ ధారలు కూడా సన్నబడతాయి. దీనికి ఎండలొక్కటే కారణం కాదు.

ఇంద్రావతి ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టి బస్తర్‌లోకి వస్తుంది. ఎగువన ఒడిశా కట్టిన 600 మెగావాట్ల అప్పర్ ఇంద్రావతి ప్రాజెక్టు కొంత నీటిని మహానది పరీవాహకం వైపు మళ్లిస్తుంది. ఆ తర్వాత సరిహద్దు దగ్గర జోరా నాలా ఉంది. ఒకప్పటి ఈ చిన్న వాగు కాలక్రమంలో లోతుగా కోసుకుపోయి, ఇంద్రావతి నీటిని తన వైపు లాక్కోవడం మొదలుపెట్టింది. ఆ నీరు శబరిలోకి వెళ్తుంది.

వేసవిలో సరిహద్దు దగ్గర ఎవరి వాటా ఎంతన్నది ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల మధ్య ఏళ్లుగా నలుగుతున్న వివాదం. నీటిని పంచేందుకు జోరా నాలా ముఖం దగ్గర కట్టడాలు కట్టారు. ఇసుక, మేటలు పేరుకుపోయినప్పుడల్లా పంపకం దెబ్బతింటుంది. 2025 వేసవిలో ఇంద్రావతి ఎండిపోయి పంటలు పోతున్నాయంటూ బస్తర్ రైతులు రోడ్డెక్కారు.

తెలుగు పాఠకులకు ఇందులో ఒక విశేషం ఉంది. శబరిలోకి వెళ్లినా, ఇంద్రావతిలోనే మిగిలినా ఆ నీరు చివరికి గోదావరిలోకే వస్తుంది. ఒకటి కూనవరం దగ్గర, ఇంకొకటి భోపాలపట్నం దిగువన. మధ్యలో ఎండిపోయేది బస్తర్ పొలాలు, చిత్రకోట్ జలపాతం.

వేసవిలో నిజంగా చూడదగ్గది కాంగేర్ వ్యాలీ. 1982లో జాతీయ పార్కుగా ప్రకటించిన ఈ 200 చదరపు కిలోమీటర్ల అడవిలో కుటుంసర్ సున్నపురాయి గుహలున్నాయి. వానాకాలంలో నీళ్లు నిండుతాయి కాబట్టి వాటిని మూసేస్తారు. వేసవిలో లోపలికి వెళ్లొచ్చు. మెట్లు మెట్లుగా దిగే తీరథ్‌గఢ్ జలపాతం, ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి అయిన కొండ గోరింక కూడా ఇక్కడే. 2025లో ఈ పార్కు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. పార్కును ఆనుకుని ఉన్న ధుడ్‌మారస్ గ్రామాన్ని 2024లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ గ్రామాలుగా తీర్చిదిద్దే కార్యక్రమానికి ఎంపిక చేసింది.

మే నెలలో సెలవు ఎవరికి?

ఛత్తీస్‌గఢ్‌లో బడులకు వేసవి సెలవులు మామూలుగా మే 1 నుంచి జూన్ 15 వరకు. ఎండల వల్ల 2024లో, 2025లో ఏప్రిల్‌లోనే సెలవులిచ్చారు. ఆవపల్లిలో టీచర్లు, ఉద్యోగులు, వ్యాపారుల కుటుంబాలకు ఈ ఆరేడు వారాలే ఊరు దాటడానికి వీలైన సమయం.

చుట్టుపక్కల గూడేల్లోని ఆదివాసీ కుటుంబాలకు మాత్రం ఏడాది మొత్తంలో ఊరు విడవకూడని రోజులు ఇవే.

మార్చి, ఏప్రిల్‌లలో ఇప్పపువ్వు రాలుతుంది. తెల్లవారకముందే చెట్ల కిందకు వెళ్లి ఏరాలి, ఎండబెట్టాలి. ఆ తర్వాత వచ్చేది తునికాకు. బీడీలు చుట్టే ఈ ఆకు సీజన్ మహా అయితే రెండు, మూడు వారాలు. లేత ఆకు ముదిరితే ఎవరూ కొనరు. ఒక గాలివాన వచ్చి ఆకు చిల్లులు పడినా అంతే.

లెక్క ఇలా ఉంటుంది. 50 ఆకులు ఒక కట్ట. 1,000 కట్టలు ఒక ప్రామాణిక బస్తా. అంటే 50 వేల ఆకులు. 2024 నుంచి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం బస్తాకు 4,000 రూపాయల నుంచి 5,500 రూపాయలకు ధర పెంచింది. అంటే కట్టకు 5 రూపాయల 50 పైసలు. ఇంటిల్లిపాదీ కలిసి రోజుకు 100 కట్టలు కడితే 550 రూపాయలు వస్తాయి. ఆకు కోసేది పెద్దలు, లెక్కపెట్టి కట్టలు కట్టేది ఎక్కువగా పిల్లలు, ముసలివాళ్లు. బడి సెలవులు, తునికాకు సీజన్ ఒకేసారి రావడం వల్ల పిల్లల చేతులు కూడా ఈ లెక్కలో కలుస్తాయి.

విహారయాత్రకు వెళ్తే పోయేది ప్రయాణ ఖర్చు మాత్రమే కాదు. ఆ రోజుల్లో రావాల్సిన ఆదాయం కూడా పోతుంది. వానాకాలం విత్తనాలకు, బడి తెరిచాక పుస్తకాలకు కావాల్సిన డబ్బు అదే.

ఈ కుటుంబాలు ప్రయాణాలు చేయవని కాదు. చేస్తాయి. కానీ దక్షిణానికి, అదీ పని కోసం. జనవరి నుంచి ఏప్రిల్ వరకు బీజాపూర్, సుక్మా జిల్లాల నుంచి వేలమంది మిర్చి ఏరడానికి ములుగు, భద్రాద్రి కొత్తగూడెం, ఖమ్మం జిల్లాలకు వస్తారు. కూలి డబ్బుగానో, మిర్చిగానో తీసుకుని వెళ్తారు. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌లో ములుగు జిల్లా మిరప తోటల నుంచి కాలినడకన బయల్దేరిన 12 ఏళ్ల బీజాపూర్ జిల్లా బాలిక ఇంటికి కొద్ది కిలోమీటర్ల దూరంలో చనిపోయింది. ఆ వయసు పిల్లలు సరిహద్దు దాటేది ఎందుకో దేశానికి తెలిసింది అప్పుడే.

హాస్టల్ పిల్లలకు సెలవంటే ఏంటి?

మామూలుగా సెలవంటే ఇల్లు విడిచి వెళ్లడం. బీజాపూర్ జిల్లాలో వేలమంది పిల్లలకు సెలవంటే ఇంటికి వెళ్లడం.

2005లో సల్వా జుడుం మొదలయ్యాక ఈ జిల్లాలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరు రోడ్డు పక్క శిబిరాలకు వచ్చారు. కొందరు అడవిలోకి వెళ్లారు. ఇంకొందరు గోదావరి దాటి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. బలగాలు బస చేస్తాయంటూ మావోయిస్టులు బడి భవనాలను కూల్చారు. 2011 జులైలో సుప్రీంకోర్టు సల్వా జుడుంను, ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా వాడటాన్ని రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. అప్పటికే ఒక తరం బడికి దూరమైంది.

ఊళ్లో బడి లేకపోవడంతో పిల్లలను రోడ్డు పక్క ఊళ్లలోని ఆశ్రమ పాఠశాలలకు, వెదురు తడికలతో మొదలైన పోర్టా క్యాబిన్ హాస్టళ్లకు పంపారు. అలా వెళ్లిన పిల్లలు ఏడాదిలో పది నెలలు అమ్మానాన్నలకు దూరంగా పెరుగుతారు. బడిలో హిందీ, ఇంట్లో గోండి. వేసవిలో వాళ్లు చేసే ప్రయాణం హాస్టల్ నుంచి ఇంటికే. అడవి, సంత, ఊరి పండుగ, ముసలివాళ్ల మాట మళ్లీ అలవాటయ్యేది ఈ ఆరు వారాల్లోనే.

మూతపడిన బడులు మెల్లగా తెరుచుకుంటున్నాయి. 2022 జూన్‌లో బస్తర్ ప్రాంతంలో 260 బడులను తిరిగి తెరిచారు. అందులో 158 బీజాపూర్ జిల్లాలోనివే. ఊళ్లోనే బడి నిలబడితే, పిల్లల వేసవి సెలవులకు అర్థం కూడా మారుతుంది.

సెలవుల్లో ఇంటికి రావడం ఎప్పుడూ నిశ్చింతగా ఉండేది కాదు. బాసగూడ సమీపంలోని సార్కేగూడలో 2012 జూన్ 28 రాత్రి భద్రతా బలగాల కాల్పుల్లో 17 మంది చనిపోయారు. వారిలో మైనర్లూ ఉన్నారు. విత్తనాల పండుగ గురించి మాట్లాడుకోవడానికి సమావేశమయ్యామని గ్రామస్తులు చెప్పారు. చనిపోయినవారు మావోయిస్టులనడానికి ఆధారాల్లేవని జస్టిస్ వీకే అగర్వాల్ కమిషన్ 2019లో బయటికొచ్చిన నివేదికలో తేల్చింది. మరోవైపు ఇప్పపువ్వుకో, తునికాకుకో అడవిలోకి వెళ్లి మావోయిస్టుల మందుపాతరలపై కాలుపెట్టి ప్రాణాలు, కాళ్లు పోగొట్టుకున్న గ్రామస్తులూ ఈ జిల్లాలో ఉన్నారు.

చాలామందికి జగదల్‌పూర్ విహార స్థలం ఎందుకు కాలేదు?

జగదల్‌పూర్ పేరు వినగానే దక్షిణ బస్తర్‌లో చాలామందికి గుర్తొచ్చేది చెరువు కాదు. ఒకటి ఆస్పత్రి. రెండోది జైలు.

జిల్లా ఆస్పత్రిలో కుదరని కేసులను జగదల్‌పూర్ శివార్లలోని డిమ్రాపాల్ మెడికల్ కాలేజీ ఆస్పత్రికి పంపుతారు. రోగి వెంట వచ్చిన ఇంటివాళ్లకు ఊరంటే ఆ ఆవరణే.

ఇక జగదల్‌పూర్ కేంద్ర కారాగారం. మావోయిస్టు కేసుల్లో అరెస్టయిన ఆదివాసీ విచారణ ఖైదీలు ఏళ్ల తరబడి అక్కడ ఉన్నారు. 2017లో సుక్మా జిల్లా బుర్కాపాల్ దగ్గర 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయిన కేసులో అరెస్టయిన 121 మంది ఆదివాసీలను దంతెవాడలోని ప్రత్యేక కోర్టు 2022 జులైలో నిర్దోషులుగా విడుదల చేసింది. అప్పటికి వాళ్లు అయిదేళ్లు జైల్లో గడిపారు. అలాంటి కుటుంబాలకు జగదల్‌పూర్ ప్రయాణమంటే అప్పు చేసి బస్సెక్కడం, ములాఖత్ కోసం గేటు దగ్గర నిలబడటం, సాయంత్రానికి తిరుగు బస్సు పట్టుకోవడం.

ఆవపల్లి నుంచి అదే బస్సులో ఒక కుటుంబం పడవ షికారుకు, ఇంకో కుటుంబం ములాఖత్‌కు వెళ్లిన కాలమది.

ఇప్పుడు ఏం మారింది?

2024, 2025లలో బస్తర్‌లో పరిస్థితి వేగంగా మారింది. 2025 ఏప్రిల్, మే నెలల్లో కర్రెగుట్టల్లో భద్రతా బలగాలు మూడు వారాల పాటు ఆపరేషన్ చేపట్టాయి. మే 21న మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు నారాయణపూర్ జిల్లాలో ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. అక్టోబర్ 17న జగదల్‌పూర్‌లోనే 200 మందికి పైగా మావోయిస్టులు లొంగిపోయారు. వరంగల్ ప్రాంతానికి చెందిన కేంద్ర కమిటీ సభ్యుడు తక్కళ్లపల్లి వాసుదేవరావు వారిలో ఒకరు.

కొత్త క్యాంపులతో పాటు రోడ్లు వచ్చాయి. బీజాపూర్-ఆవపల్లి-బాసగూడ రోడ్డును జగర్‌గుండా వైపు కలిపారు. క్యాంపుల చుట్టుపక్కల గ్రామాలకు రేషన్, కరెంటు, బడి చేర్చేందుకంటూ రాష్ట్ర ప్రభుత్వం 2024లో 'నియద్ నెల్లా నార్' పథకం తెచ్చింది. గోండిలో ఆ మాటకు 'మీ మంచి ఊరు' అని అర్థం. 2025 అక్టోబర్‌లో ముఖ్యమంత్రి గ్రామీణ బస్సు పథకం జగదల్‌పూర్‌లో మొదలైంది. ఏళ్లుగా బస్సు చూడని ఊళ్లకు బస్సులు వెళ్తున్నాయి.

రోడ్డు పడితే ప్రయాణం రెండు వైపులా సాగుతుంది. ఆవపల్లి వాళ్లు ఉత్తరాన చెరువు చూడటానికి వెళ్తారు. ఉత్తరాది వాళ్లు ఉసూర్ దగ్గరి నంబి జలపాతం చూడటానికి వస్తారు. సన్నటి ధారగా చాలా ఎత్తు నుంచి పడే ఈ జలపాతం ఇన్నాళ్లూ బయటివారి కంట పడకపోవడానికి కారణం దాని చుట్టూ జరిగిన యుద్ధమే.

అలా వచ్చే పర్యాటకం ఎవరి చేతుల్లో ఉంటుందన్నది ఇప్పుడే తేల్చుకోవాల్సిన ప్రశ్న. కాంగేర్ వ్యాలీలో గైడ్లుగా, పడవలు నడిపేవారిగా, ఇళ్లలో అతిథులకు చోటిచ్చేవారిగా స్థానిక ఆదివాసీ యువత పనిచేస్తున్న నమూనా కళ్ల ముందే ఉంది. గ్రామసభకు అధికారాలిచ్చే పెసా చట్టం 1996 నుంచి, అటవీ హక్కుల చట్టం 2006 నుంచి ఉన్నాయి. బస్తర్ అయిదో షెడ్యూల్ ప్రాంతం. జలపాతం దగ్గర టికెట్ ఎవరు కోయాలో, చెత్త ఎవరు ఎత్తాలో, వాహనాలు ఎక్కడ ఆగాలో గ్రామసభలే నిర్ణయిస్తే నంబికి ఒక దారి ఉంటుంది. లేదంటే దళపత్ సాగర్‌కు జరిగినదే మరో రూపంలో జరుగుతుంది.

ఇక సెలవుల విషయానికొస్తే, రోడ్డు, బస్సు ఉంటే సరిపోదు. తునికాకు డబ్బు ఆలస్యం లేకుండా చేతికొస్తే, దగ్గర్లోనే బ్యాంకు ఉంటే, పిల్లల చేతులు లేకుండా కూడా ఇల్లు గడిస్తే, ఆకు సీజన్ ముగిశాక జూన్ మొదటి వారంలో ఒక కుటుంబానికి నాలుగు రోజులు మిగులుతాయి. తొలకరి పడి విత్తనాలు వేసేలోగా ఉన్న ఖాళీ అదే. మిర్చి చేల కోసం కాకుండా, ఆస్పత్రి కోసం కాకుండా, ములాఖత్ కోసం కాకుండా ఆ నాలుగు రోజుల్లో ఎన్ని కుటుంబాలు చెరువు చూడటానికి బస్సెక్కుతాయన్నది, బస్తర్‌లో శాంతి ఎంతవరకు వచ్చిందో చెప్పే లెక్కల్లో ఒకటి.